మెట్ల మీది జతలు

గోడలకు సున్నం వేయించాలి.

మానవ హక్కుల బోర్డు గుమ్మంలోకి రాగానే కనబడాలి.

ఫిర్యాదుల పెట్టెకు కొత్త తాళం కావాలి.

కర్రలు, తాళ్ళు వెనక రేకుల గదిలో పడేయాలి.

లాకప్ ఖాళీగా ఉండాలి.

మెట్ల మీద చెప్పులు ఉండకూడదు. ఎదురుగా పేవ్‌మెంట్ మీద మనుషులు ఉండకూడదు.

జాబితా రాసింది పోలీస్ స్టేషన్ రైటరు. మానవ హక్కులు ఏ మాత్రం అమలవుతున్నాయో చూడటానికి శుక్రవారం అంతర్జాతీయ బృందం వస్తోంది. వాళ్ళు తృప్తిగా వెళ్తే రైటరుకు ప్రమోషన్ ఖాయమన్నాడు ఇన్‌స్పెక్టర్. జాబితా చూసి, దస్తూరి ముత్యాల్లా ఉందని మెచ్చుకున్నాడు కూడా.

వాళ్ళ ఇంట్లో అక్షరం ముక్క వచ్చినవాడు అతనొక్కడే. ఆ రాత్రి అన్నం దగ్గర తల్లికి ఇన్‌స్పెక్టర్ అన్న మాటలే చెప్పాడు.

ఆమె ప్రమోషన్ ఊసెత్తలేదు. ఎప్పుడూ చెప్పేదే మళ్ళీ చెప్పింది.

"మీ నాన్నని పోలీసులు పట్టుకెళ్తే ఐదు రోజులు అసలు మా దగ్గర లేడన్నార్రా. ఎవరో పుణ్యాత్ముడు ఇంటికొచ్చి చెప్పబట్టి మనిషి దక్కాడు. ఇప్పుడు నువ్వు లోపలే ఉన్నావు. చెప్పాల్సింది నువ్వే."

"దానికి రూల్సున్నాయమ్మా" అని చెయ్యి కడుక్కున్నాడు.

శుక్రవారం తెల్లారకముందే లాకప్‌లోని ఇద్దరు కుర్రాళ్ళను వ్యాన్‌లో వేరే చోటికి పంపేశారు. వాళ్ళ పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు. మెట్ల మీద మిగిలిన రెండు జతల చెప్పులను రైటరే చెత్తడబ్బాలో పడేయించాడు.

అన్నీ సర్దుకున్నాయి, ఒక్కటి తప్ప.

ఎదురుగా చెప్పులు కుట్టే ముసలాయన కదలలేదు. ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉంటాడు. చేతిలో సూది ఆడుతున్నా చూపు మాత్రం స్టేషన్ మీదే. జీతం లేని సెంట్రీ అని హెడ్ కానిస్టేబుల్ ఏడిపిస్తుంటాడు. ఆ పూట రెండుసార్లు తరిమినా తిరిగొచ్చి కూర్చున్నాడు.

చివరికి రైటరే వెళ్ళాడు.

"పెద్దాయనా, ఈ ఒక్క పూట ఇంటికెళ్ళు."

"మెట్ల మీద రెండు జతలుండాలి బాబూ. ఏమయ్యాయి?"

"నీవా?"

"నాకు చెప్పులెక్కడివి?" ముసలాయన మట్టి కొట్టుకుపోయిన తన పాదాలు చూసుకుని నవ్వాడు.

"మరి నీకెందుకు?"

"ఆ సంగతి తేలేదాకా లేవలేను."

అంతలో వీధి చివర కార్లు మలుపు తిరిగాయి. హెడ్డు పరుగున వచ్చి ముసలాయన్ని రెక్క పట్టుకుని మెట్లెక్కించాడు. రేకుల గదిలో, కర్రల పక్కన కూర్చోబెట్టి తాళం వేశాడు. గంటలో వదిలేద్దామని చెప్పి తాళంచెవి రైటరు చేతిలో పెట్టాడు.

గంట కాస్తా నాలుగు గంటలైంది.

అతిథులు బోర్డు ముందు ఆగారు. కారణం లేకుండా ఎవరినీ నిర్బంధించరాదన్న తొమ్మిదో అధికరణాన్ని ఒకాయన పైకి చదివితే అందరూ తలలూపారు. ఫిర్యాదుల పెట్టె తెరిస్తే మూడు కృతజ్ఞతా లేఖలు వచ్చాయి. మూడింటి దస్తూరీ ముత్యాలే.

మధ్యలో రెండుసార్లు వెనకనుంచి తలుపు చప్పుడు వినిపించింది. రైటరు ఫ్యాను వేగం పెంచాడు.

కార్లు వెళ్ళిపోయాక భుజం తట్టించుకుని, నింపాదిగా వెళ్ళి గది తెరిచాడు. లోపలి వేడి మొహాన కొట్టింది. ముసలాయన గోడకు చేరగిలబడి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు.

ఆ సాయంత్రం రైటరు ఇలా రాశాడు: 'గుర్తు తెలియని వృద్ధుడు. పేవ్‌మెంట్ మీద వడదెబ్బతో మృతి.'

ఒక్క అక్షరమూ చెడలేదు.

మర్నాడు ఒకామె ఖాళీ పేవ్‌మెంట్ దగ్గర దిక్కులు చూస్తూ నిలబడింది. ఆమె కాళ్ళకున్న చెప్పులు తెగలేదు.

"ఇక్కడుండే పెద్దాయన ఏడి బాబూ? మా వాడు మొన్న రాత్రి నుంచి ఇంటికి రాలేదు. లోపలున్నాడో లేడో ఆయనే చెప్తాడన్నారు."

"ఆయనకెలా తెలుస్తుంది?" అన్నాడు రైటరు.

"లోపలికి తీసుకెళ్ళేటప్పుడు చెప్పులు మెట్ల మీద విప్పిస్తారు కదా. సాయంత్రానికి ఏ జత మిగిలిందో చూసుకుంటాడంట. తన కుట్టు తను గుర్తుపట్టి, ఆ మనిషి ఉండే వీధి వెతుక్కుంటూ వెళ్ళి చెప్తాడంట. నిన్న వస్తాడేమోనని ఎదురుచూశాం."

రైటరు ఆమెను లోపలికి పిలవలేదు. కుర్రాళ్ళను ఎక్కడికి పంపారో మాత్రం చెప్పి, తిన్నగా ఇంటికి నడిచాడు.

తల్లి బియ్యం ఏరుతోంది.

"అమ్మా, నాన్న సంగతి చెప్పిన మనిషి ఎలా ఉంటాడు?"

"ఏమో నాన్నా, మొహం గుర్తు లేదు. మీ నాన్న చెప్పు ఒకటి చేత్తో పట్టుకొచ్చాడు. ఈ కుట్టు నాదే, ఈ మనిషి మీవాడేనా అన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. గుమ్మంలోనే మంచినీళ్ళు తాగాడు." ఆమె చేట పక్కన పెట్టింది. "అందరి చెప్పులూ కుట్టేవాడట. ఆయన కాళ్ళకి మాత్రం లేవురా."

రైటరు గడప మీద కూలబడ్డాడు.

ఏ స్టేషన్ మెట్ల మీదైనా విడిచిన చెప్పులు మీ కంటబడితే, విడవడానికి ఏమీ లేక ఆనవాలు మిగల్చకుండా లోపలికి వెళ్ళిన ఆ ముసలాయన్ని దయచేసి ఒక్కసారి తలచుకోండి.