వెనక్కి వచ్చే మనిషి

"ఇంకొక్కసారి చివరొచ్చావంటే ముసలోళ్ళ గుంపులో పడేస్తా!" అని కోచ్ మా కోడలి మీద అరిచాడు.

తెల్లవారుజామున మైదానం చుట్టూ ఒక రౌండు గట్టిగా పరిగెత్తడం, కాసేపు నెమ్మదిగా నడవడం, మళ్ళీ గట్టిగా పరిగెత్తడం. ఇదీ ఈ పరుగు బృందం సాధన. గట్టు మీద కూర్చుని నీళ్ళ సీసాలు చూసుకోవడం నా పని.

"నిన్న బస్సు వెనక లేడిపిల్లలా ఉరికావు. నేను చూడలేదనుకున్నావా?" అన్నాడు కోచ్.

కోడలు నా దగ్గరికొచ్చి సీసా అందుకుంది.

"కావాలనే వెనకబడుతున్నావా అమ్మా?" అన్నాను.

"మీ అబ్బాయి ఎప్పుడూ ముందే ముగించేవారు కదా మామయ్యా. అందరూ ఊపిరి పీల్చుకుంటుంటే, చివర ఉన్న నాకోసం వెనక్కొచ్చేవారు. 'నత్తమ్మా, పద' అంటూ పక్కనే నడిచేవారు. నేనూ ముందొచ్చేస్తే ఆయన రారుగా. అందుకే..."

మావాడు పోయి ఏడాది కావస్తోంది. ఈ పిల్ల ఇంకా చివరే వస్తోంది.

"ఇక వాడు రాడు తల్లీ," అన్నాను.

సీసా నా చేతికిచ్చి, కళ్ళు తుడుచుకుని వెళ్ళింది. ఈల మోగింది.

ఈసారి అందరికంటే ముందు కోడలే వచ్చింది.

"అదీ! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మా ఆ కాళ్ళు?" అని కోచ్ చప్పట్లు కొట్టాడు.

ఆమె వినలేదు. ముగింపు గీత దగ్గర వెనక్కి తిరిగి నిలబడింది. ఒక్కొక్కరే వచ్చారు. చివరాయన కూడా రొప్పుతూ వచ్చేశాడు.

కోడలు ఇంకా ఖాళీ మైదానం వైపే చూస్తోంది.