రంపం రెండో కొస

ఆదివారం ఫోను మోగడం మానేసిన దగ్గర్నుంచీ వడ్రంగికి అన్నం సయించడం లేదు.

"అలా గుడ్లప్పగించి చూస్తే అది మోగదు మామయ్యా," అంది కోడలు.

నిజమే. చూపులకే మోగేదైతే ఈపాటికి మోగి మోగి పగిలిపోయి ఉండేది. తనే తిరిగి చేద్దామంటే అవతల ఎత్తే దిక్కు లేదు.

ప్రతి ఆదివారం ఆ ఫోను చేసేది అతని స్నేహితుడు పొడుగోడు. ఏడు సముద్రాల అవతల ఉంటాడు.

ఇద్దరికీ మీసాలు మొలిచే వయసులో రెండు దేశాలవాళ్ళూ ఒక ఒప్పందం చేసుకున్నారు. మీ కుర్రాళ్ళు కొన్నాళ్ళు మా ఇళ్ళలో ఉండాలి, మావాళ్ళు మీ ఇళ్ళలో ఉండాలి, ఒకరి పని ఒకరు నేర్చుకోవాలి. అలా వడ్రంగి ఒక ఏడాది పొడుగోడి ఇంట్లో తిన్నాడు. మరుసటి ఏడాది పొడుగోడు వచ్చి వీళ్ళింట్లో తిన్నాడు. ఒకడి భాష ఒకడికి పట్టుబడింది. ముందు తిట్లు, తర్వాతే మంచి మాటలు.

ఇద్దరూ పెద్ద రంపానికి చెరో కొస పట్టుకుని దుంగలు కోసేవాళ్ళు. ఆ రంపంతో ఒక చిక్కుంది. నీ వంతు వస్తే లాగాలి, వాడి వంతు వస్తే చేయి వదులు చేయాలి. అంతేగానీ తోయకూడదు. తోశావో, రంపం వంగి దుంగలో ఇరుక్కుంటుంది. పొడుగోడు ఒక్కసారి కూడా తోసి ఎరగడు.

ఆ తర్వాత మళ్ళీ కలిసింది లేదు. ఒకడికి వీలు దొరికితే ఇంకొకడికి పని తగిలేది. పెళ్ళిళ్ళు, పిల్లలు, తలలు నెరవడం, అన్నీ ఫోనులోనే అయ్యాయి.

వడ్రంగి భార్య పోయినప్పుడు తనూ పోదామనుకున్నాడు. ఆ సంగతి కన్నకొడుక్కి కూడా తెలియదు, పొడుగోడికి తెలుసు.

"వచ్చే ఆదివారం దాకా ఆగరా, మాట్లాడుకుందాం," అన్నాడు వాడు.

ఆగాడు. ఆ ఆదివారం కూడా వాడు అదే మాటన్నాడు. అలా ఆదివారాలు పట్టుకుని ఇన్నేళ్ళు బతికేశాడు. ఇప్పుడు ఆ కాస్త ఆధారమూ తెగిపోయింది. ఉన్నాడో పోయాడో చెప్పేవాళ్ళు లేరు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున కొట్టు గుమ్మంలో ఎవరో నిలబడ్డారు.

పొడుగు మనిషి, బక్క చిక్కి ఉన్నాడు. అంత ఉక్కలోనూ మెడకు మఫ్లరు. పలకరిస్తే పలకడు. వడ్రంగినే చూస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

వడ్రంగి చేతిలో పని పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు. ఆ కళ్ళు ఎక్కడో చూసినవే. వీడు వాడేనా?

 అడిగితే కాదంటాడేమోనని భయం. గోడకున్న పెద్ద రంపం దించి, దుంగ మీద పెట్టి, రెండో కొస అతని చేతికిచ్చాడు. లాగితే తెలిసిపోతుంది కదా.

అతను మొహం వెలిగించుకుని పట్టుకున్నాడు.

వడ్రంగి లాగాడు. అతను తోశాడు. రంపం వంగి దుంగలో ఇరుక్కుపోయింది. మళ్ళీ లాగాడు. అతను ఇంకా గట్టిగా తోశాడు.

అంత ఆశా ఒక్కసారిగా చచ్చిపోతే మనిషికి ఒళ్ళు మండుతుంది. వడ్రంగికీ మండింది. ఎవడివిరా నువ్వు, ఏం కావాలి అని గద్దించాడు.

అతను పిడికిలి చెవికి ఆనించాడు, పెదాలు చూపించాడు. తర్వాత చేయి చాచాడు.

"ఓహో, వినపడదు, మాట రాదు, అందుకని అడుక్కుంటావా? పని చేతకాదు గానీ చేయి చాచడం మాత్రం వచ్చు. నడువు ఇక్కణ్ణించి."

రెక్క పట్టుకుని వీధిలోకి తోసేశాడు. అతను తూలి, నిలదొక్కుకుని, కాసేపు అక్కడే నిలబడ్డాడు. వడ్రంగి తలుపు వేసేశాడు.

ఎవరు మామయ్యా అని కోడలు అడిగితే, ఎవడైతే ఏం, మావాడు కాదులే అన్నాడు.

తర్వాత ఒక ఆదివారం ఫోను మోగింది.

వడ్రంగి పరుగున వెళ్ళి ఎత్తాడు. ఆడగొంతు. పొడుగోడి భాషే.

భర్తకు గొంతు ఆపరేషన్ అయిందనీ, చాన్నాళ్ళు ఆసుపత్రిలోనే ఉన్నాడనీ, మాట పూర్తిగా పోయిందనీ చెప్పింది. ఇక ఫోను చేయలేనని, డాక్టర్లు వద్దన్నా వినకుండా ఇక్కడికే బయల్దేరాడని చెప్పింది. తిరిగొచ్చి మంచమెక్కినవాడు మళ్ళీ లేవలేదు. మట్టి చేసి వచ్చారట.



"నేను గెంటేశానమ్మా," అన్నాడు వడ్రంగి ఏడుస్తూ. "చేతులారా గెంటేశాను. రంపం తోశాడని నా పొడుగోణ్ణి నేనే పోల్చుకోలేకపోయాను."



"ఆయన జన్మలో రంపం పట్టలేదండీ, బడిపంతులు," అంది ఆవిడ. "మీ పొడుగోడు మా బావగారు. ఆయన మీ ఆవిడ కంటే ముందే పోయారు."

వడ్రంగి ఫోను రెండు చేతులా చెవికి అదుముకున్నాడు.

"ఆదివారం నా స్నేహితుడు ఎదురుచూస్తుంటాడురా అని అన్న పోతూ పోతూ చెప్పిన ఒక్క మాట కోసం, మీ భాష కష్టపడి నేర్చుకుని ఇన్నేళ్ళూ మీతో మాట్లాడింది ఆ తమ్ముడే, మా ఆయనే."