తెల్ల గీత

"నాకు ముందు సీటే కావాలి," అందావిడ, విమానం మెట్టు మీద ఒక కాలు పెట్టి.

"అది కో-పైలట్ సీటమ్మా."

"కో-పైలట్ లేడుగా!"

పైలట్‌కి ఒళ్ళు మండింది. దిగాల్సిన ఊరి మీద మబ్బు బాగా కిందికి దిగి కూర్చుందని అప్పుడే కబురొచ్చింది. ఆ ఊరికి ముందే ఓ కొండ. దీనికి తోడు ఈవిడొకతె.

"సరే, కూర్చోండి. దేన్నీ ముట్టుకోకండి."

చిన్న విమానం. వెనక ఎక్కిన ఇద్దరూ ఎక్కగానే కునుకు తీశారు. ఆవిడ మాత్రం కిటికీలోంచైనా చూడలేదు. కళ్ళన్నీ దారి చూపే నేవిగేటర్ తెర మీదే.

"ఈ రూటుకి కొత్తా బాబూ?"

"ఊఁ."

"మీ ముందు నడిపినాయన..."

"అతనా? ఒళ్ళు దగ్గర పెట్టుకోకుండా నడిపి కొండకి కొట్టాడు. సర్వీసుంటే సరిపోదమ్మా, బుర్ర కూడా ఉండాలి."

ఆవిడ ఒళ్ళో సంచి సర్దుకుని మళ్ళీ తెర వైపు తిరిగింది.

మబ్బులో దూరారు. అద్దాల బయట పాలు ఒలకబోసినట్టు తెలుపు తప్ప మరేం లేదు.

కొండని చుట్టి దిగే దారిని నేవిగేటర్‌లోకి ఎక్కించాడు. ఎక్కిస్తే చాలదు. ఇక ఆ దారినే పొమ్మని ఇంకో మీట నొక్కాలి. నొక్కేదాకా విమానం పాత దారినే, తిన్నగా కొండ మీదుగా పోతుంది.

వేలు మీట దాకా వెళ్ళింది. సరిగ్గా అప్పుడే, గాలి మారిందంటూ రేడియోలో పిలుపు. జవాబు చెప్పాడు. ఎత్తు తగ్గించడం మొదలుపెట్టాడు.

"బాబూ, తెర మీద ఆ గీత తెల్లగానే ఉందేం?"

"అబ్బా, కాసేపు మాట్లాడకండి."

"గులాబీ రంగులోకి మారాలి కదా?"

"ఇదేమన్నా చీరల బేరమా అమ్మా, రంగు నచ్చలేదనడానికి?"

వెనక ఒకాయన మేలుకుని కిసుక్కున నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. అతని మోచెయ్యి పట్టుకుంది.

"నీకు దణ్ణం పెడతా. ఒక్కసారి చూడు నాయనా."

చూశాడు.

కొత్త దారి తెల్లగా పడి ఉంది. విమానం పట్టిన దారిని చూపే గులాబీ గీత పాత దారి మీదే ఉంది.

విమానం ముక్కు పైకెత్తాడు. మీట నొక్కాడు. ఇంజను గర్రుమంటూ విమానం పక్కకి ఒరిగింది. మబ్బు ఒక్క క్షణం చిరిగింది. ఆ చిరుగులోంచి, రెక్క కిందే, తడిసిన బండలు, వాటి మధ్య ఓ పొద. మళ్ళీ తెలుపు.

పైకి పోయి, చుట్టు తిరిగొచ్చి, ఎలాగో దిగాడు.

దిగాక చేతులు జోడించాల్సింది పోయి అతనికి కోపమొచ్చింది. తప్పు దొరికిన మొగాడికి ముందొచ్చేది అదే.

"నేను నొక్కబోతూనే ఉన్నా. ఈలోగా మీరే కంగారు పెట్టారు."

"అంతే అయ్యుంటుంది బాబూ," అంది ఆవిడ. సంచి భుజాన వేసుకుని గేటు వైపు నడిచిపోయింది.

అతను దిగి రెక్క పక్కన నిలబడ్డాడు. విమానానికి ఆయిలు పట్టే ముసలాయన గొట్టం లాక్కుంటూ వచ్చాడు.

"ఇవాళ మీ వంతా సార్? కూతుర్ని చూడ్డానికి వచ్చిన ప్రతిసారీ ఆవిడ ముందు సీటే అడిగి, ఆ తెరే చూస్తూ కూర్చుంటుంది."

"ఎక్కడ నేర్చుకుందయ్యా ఇదంతా?"

"నేర్చుకోవడమా! ఆ గీత రంగు ఒక్కటే తెలుసు సార్ ఆవిడకి. ఇంకే ముక్కా తెలీదు."

పైలట్ గేటు దాకా పరుగెత్తాడు. ఆవిడ ఎక్కిన కారు అప్పటికే మలుపు తిరిగిపోయింది.

వెనక్కొచ్చి అడిగాడు, "అదొక్కటీ ఎలా తెలుసు?"

ముసలాయన మబ్బులో మునిగిన కొండ వైపు చూశాడు.

"ఆ రోజు గీత తెల్లగానే ఉండిపోయిందని విచారణలో చెప్పారట సార్, ఆ కొండకి కొట్టుకున్నాయన ఇల్లాలే ఆవిడ."