తరవాణి కేసు

మందు నిషేధం వచ్చిన ఏడాది, నర్సీపట్నంలో మా ఇంటికి కానిస్టేబుల్ నాగేంద్ర వచ్చి నా జాడీ మూత తీశాడు. పులుపు వాసనకు ముక్కు మూసుకున్నాడు.

“దొంగతనంగా మందు కాస్తున్నావని కబురొచ్చింది, మామ్మా.”

“పులిసిందల్లా మందేటి? అడుగున అనాస ముక్కలు, మీద సద్దన్నం, మళ్ళీ ముక్కలు, పైన తరవాణి గంజి. ఎండకి సలవ. మాది సర్చికెళ్ళే కొంప, బాబూ!”

“అదే స్టేట్‌మెంటుగా సెప్పు, రాసుకుంటాను. నిజమైతే వదిలేస్తాను. కాదంటే జైలే.”

నాకు చదువు రాదు. నేను చెప్పాను, అతను రాశాడు. రాస్తూ రాస్తూ ముసిముసిగా నవ్వాడు. గబగబా నా బొటనవేలికి సిరా పూశాడు. ఆ తొందరే నాకు నచ్చలేదు.

“ముందు సదివి ఇనిపించు.”

“‘ముక్కలు కోసింది నేను. జాడీలో పోసింది సారా. గొలుగొండ నుంచి తెచ్చుకున్నాం. ఇంటిల్లిపాదికీ అదంటే ప్రాణం.’ నువ్వన్న మాటలేనా?”

నా మాటలే. ఒక్కటీ తప్పు లేదు. అయినా వేలు కొంగుకు తుడిచేసి, లోపలికి కేకేశాను.

“సారా! ఓ కోడలా! బేగి బయటికి రాయే. ఈ బాబు నిన్ను జాడీలో పోసేశాడు!”