కార్జం వేపుడు

పాస్టరు శామ్ మూడో కార్జం ముక్క నోట్లో వేసుకుని, ఎడమచేత్తో రక్తపరీక్ష చీటీలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

“పోయిన నెల రక్తం ఎనిమిది ఉండె. ఈ నెల ఏడుకు దిగిపాయెనే. ఏం దీనమ్మా, నీ కోడలు మాత్రలు మింగుతాండాదా లేదా?”

“మింగితే కక్కుతాదయ్యా,” అంది బాణలి దగ్గర కూర్చున్న దీనమ్మ. “నిన్న పత్తి చేన్లో కండ్లు తిరిగి పడిపాయ. అందుకే మిమ్మల్ని ప్రార్థనకు పిలిపించినా.”

తలుపు పట్టుకుని నిలబడ్డ కోడలు కృపమణి పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పాస్టరుకు జాలేసింది. కొంచెం కోపమూ వచ్చింది.

“మాత్రలు పడకపోతే తిండన్నా తినాల గదమ్మా. డాక్టరు ఈడ ‘లివర్’ అని రాసినాడు, కార్జం తినమని. ప్రార్థన నేను చేస్తా, తినేది మాత్రం నువ్వే తినాల. తెప్పించుకుంటాండావా?”

“తెచ్చినారయ్యా,” కృపమణి ఆయన కంచం వైపు చూస్తూ నెమ్మదిగా అంది. “పొద్దున్నే మా ఆయన ఆలూరు పోయి తెచ్చినాడు. పోయిన నెల గూడా తెచ్చినాడు. ఆ దినమూ మీరు ప్రార్థనకు వచ్చినారు.”

నమిలే నోరు ఆగిపోయింది. ముక్కను మింగడానికీ లేదు, ఉమ్మడానికీ లేదు. ఆయన కంచం కొంచెం ముందుకు నెట్టాడు.

“మొహమాటపడొద్దయ్యా,” అంటూ దీనమ్మ దాన్ని మళ్లీ ఆయన ముందుకే జరిపింది. బాణలి అడుగున మిగిలింది గరిటెతో గీకి, అంతా అందులోనే వేసింది.

“దేవుని సేవకునికి పెట్టింది యాడికీ పోదు. కడుపునిండా తిని, గట్టిగా ప్రార్థన చేయండయ్యా. ఈ తూరన్నా పిల్లకు రక్తం పట్టాల.”