మొప్పల పరీక్ష

ఆ ఏడాది, 1954లో, ఏలూరు చేపల బజారులో వరదానం మాస్టారు పేపర్లోని విషపు చేపల వార్త పైకి చదివేసరికి, సత్తెమ్మ బుట్ట దగ్గర బేరాలన్నీ జారుకున్నాయి. తన చదువు నలుగురికీ పనికొచ్చిందని మాస్టారు మురిసిపోయారు.

“నా నోటికాడ కూడు లాగేశారు గదండీ! ఇది మా కొల్లేటి బొచ్చె. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా లేదూ?”

“ఈ విషం మొప్పల్లో కనపడదమ్మా. అమెరికావాళ్ళు సముద్రంలో బాంబు పరీక్ష చేశారు. ఎక్కడో దూరాన వేటాడుతున్న జపాను పడవమీద బూడిద రాలింది. చేపలూ పాడయ్యాయి, పట్టినవాళ్ళూ మంచాన పడ్డారు.”

సత్తెమ్మ చేతిలోని చేప బుట్టలో పడింది.

“వాళ్ళూ మాలాగా చేపలోళ్ళేనాండీ?”

“ఆ, ఇరవై ముగ్గురు. గాలి ఎటు తీసుకెళితే అటే ఆ బూడిద.”

“మరి రేపు మనమీద పడితే, మన మొప్పలెత్తి చూసేదెవరండీ?”

మాస్టారు ఆకాశంకేసి ఓసారి చూసి, ఆ బొచ్చె వెయ్యమని సంచీ తెరిచారు.