మందు లేని ఎలుకలు

“రాయను సార్,” అంది నవీన.

పరంధామయ్య కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. తిరుపతిలో ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్లలో ఆ మాట అన్నవాళ్లు ఇంతవరకు లేరు.

“ఎందుకు రాయవు? తోటల్లో కొట్టే పురుగుమందు మూణ్ణెల్లు ఒక గుంపు ఎలుకలకు మేతలో కలిపినావు. రెండో గుంపుకు కలపలే. ఫిట్స్ తెప్పించే సూది రెండింటికీ వేసినావు. అన్నీ ఒకే మాదిరి కొట్టుకున్నాయి. పురుగుమందుతో ఏ తేడా లేదని రాసెయ్, అయిపోతాది.”

“అంత తక్కువ డోసు సూదికి మామూలు ఎలుకలు పడిపోవు సార్. రెండో గుంపుకు కూడా ఎవురో ఏదో పెడతా ఉండారు.”

“సోమవారం లోపల రాయకుంటే నీ డిగ్రీ మరిచిపో.”

“మరిచిపోతా సార్. అబద్ధం మాత్రం రాయను.”

ఒళ్లు మండిపోతుండగా బయటికొచ్చింది. ఐదేళ్ల చదువు మరి! మర్నాడు పొద్దున్నే ఎలుకల గదిలో బీరువా పక్కన కాపు కాసింది. పంజరాలు కడిగే గురప్ప వచ్చాడు. ‘మందు లేదు’ అని చీటీ అంటించిన పంజరాల్లో మాత్రమే టమోటా ముక్కలు వేయసాగాడు.

“గురప్ప తాతా! ఏం జేస్తా ఉండావు?”

ముసలాయన తడబడలేదు. “వాటికేమో దినామూ మందిస్తా ఉండారు. వీటికి మందు లేదని రాసి పెట్టినారు. రోగమొస్తే సచ్చిపోవా పాపం? అందుకే బలానికి నేనే పెడతా ఉండా, మొదట్నుంచీ.”

మందంటే వైద్యమనుకున్నాడు మహానుభావుడు! నవీనకు కోపం సగం దిగిపోయింది. అయినా టమోటా తింటే ఫిట్స్ రావు కదా. ఓ ముక్క పరీక్షకు పంపింది. మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. మేతలో తను కలిపిన పురుగుమందే అందులోనూ ఉంది, ఇంచుమించు అంతే.

ఎవరో ఈ అమాయకుడి చేత కావాలనే పెట్టిస్తున్నారు! విసవిసా నడిచి వెళ్లి గురప్పను నిలదీసింది.

“నిజం చెప్పు తాతా. టమోటాల్లో విషం కలపమని నీకు ఎవురు చెప్పినారు? సారా?”

“విషమా?” గురప్ప చేతిలోని పంజరాన్ని ఠపీమని కింద పెట్టాడు.

“అవి నా మనవరాలు తినంగా మిగిలినవమ్మా!”